దిగువమెట్టలో ఎక్కిన బుట్ట

గుంటూరు నుంచి నంద్యాలకు ఎక్స్‌ప్రెస్ రైళ్లున్నాయి. అయినా అక్క వాళ్లింటికి వెళ్లేటప్పుడు, మరీ తొందర లేకపోతే, నేను ద్రోణాచలం ప్యాసింజరే ఎక్కుతాను.

నాకు చదవడం వచ్చింది ఈ దారిలోని పసుపు బోర్డుల మీదే. నాన్న కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక్కో పేరూ చదివించేవారు. సాతులూరు, శావల్యాపురం, గుండ్లకమ్మ. చీకటీగలపాలెంలో నేనింకా 'గ' దగ్గరుండగానే బండి కదిలిపోయేది. జగ్గంభొట్ల కృష్ణాపురం బోర్డు తడుముకోకుండా చదివిన రోజు గిద్దలూరులో దిగి పల్లీలు కొనిపెట్టారు. నా మొదటి పలక కూడా ఈ లైను మీదిదే. మార్కాపురం రాతి పలక, చెక్క చట్రం. తడిగుడ్డతో తుడిస్తే వచ్చే ఆ చల్లటి వాసన ఇప్పటికీ గుర్తే.

గిద్దలూరు దాటాక నల్లమల మొదలవుతుంది. మీటరుగేజి రోజుల్లో రైలు దొరబావి వంతెన మీదుగా వెళ్లేదట. బ్రాడ్‌గేజి వేసినప్పుడు దారి మార్చారు. అడవి మాత్రం అదే.

మొన్న అక్టోబరులో దిగువమెట్టలో ఒక అవ్వ సీతాఫలాల బుట్టతో ఎక్కింది. నంద్యాల తీసుకెళ్లి అమ్ముకుంటుందట. బస్సులో ఇంత బుట్టకు చోటెక్కడిది, మాకీ బండే దిక్కమ్మా అంది. డజను ఇమ్మన్నాను.

"ఈ రోజుకా, రేపటికా?" అనడిగింది.

నాలుగు ఈ రోజుకు, నాలుగు రేపటికి, మిగతావి ఎల్లుండికి అన్నాను. ఒక్కో కాయనూ అరచేతిలో తిప్పి కళ్ల మధ్య గీతలు చూసింది. గీతలు విచ్చుకుని పసుపు తిరిగినవి ఒక పక్క పెట్టింది. తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి, గట్టిగా ఉన్నవి ఇంకో పక్క. మధ్యలో సీతాఫలం ఆకులు పరిచింది. ఈలోగా బండి సొరంగంలోకి వెళ్లింది. పిల్లలు కేకలు పెట్టారు. వెలుతురు వచ్చేసరికి ఆమె రెండు చేతులూ బుట్ట మీదే ఉన్నాయి.

ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉంటే ఆ అవ్వ నాకు ఎదురుపడేది కాదు. చిన్న స్టేషన్లలో ఆగే ఇలాంటి బండ్లు నడుస్తూనే ఉండాలని నా కోరిక.

ఎల్లుండికని ఇచ్చినవి సరిగ్గా ఎల్లుండి పొద్దున మెత్తబడ్డాయి.