ఎనిమిదో వారం: ఆగకుండా 20 నిమిషాలు

ఈ రోజు పొద్దున ఆగకుండా 20 నిమిషాలు పరిగెత్తాను. దూరం 2.6 కిలోమీటర్లు. మొదలుపెట్టి ఎనిమిది వారాలైంది కానీ, ప్లాన్ లెక్కలో ఇది ఐదో వారం మూడో రోజు. ఆ మూడు వారాలు ఎలా పోయాయో కూడా రాసిపెట్టుకుంటున్నాను.

నేను అనుసరిస్తున్నది 'కౌచ్ టు ఫైవ్ కె'. సోఫాలో కూర్చునేవాళ్లని మెల్లగా 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లడానికి 1996లో జాష్ క్లార్క్ తయారుచేసిన తొమ్మిది వారాల ప్లాన్. వారానికి మూడు రోజులే పరుగు, మధ్యలో కనీసం ఒక రోజు విశ్రాంతి. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడిచాక, 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. అలా మార్చి మార్చి 20 నిమిషాలు, అంటే ఎనిమిది పరుగులు.

మొదటి రోజు ఐదో పరుగుకే ఆయాసం వచ్చేసింది. నా ఒంట్లో సత్తువ లేదనుకున్నాను. అసలు కారణం వేగం. 60 సెకన్లే కదా అని గట్టిగా పరిగెత్తేశాను. రెండో రోజు నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను: పరిగెత్తుతూ ఒక పూర్తి వాక్యం పైకి చెప్పగలగాలి, మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. ఈ లెక్కన నా పరుగు వేగంగా నడిచేవాళ్ల కంటే కాస్తే ఎక్కువ. అయినా ఎనిమిదీ పూర్తయ్యాయి. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే.

మూడో వారంలో తప్పు చేశాను. ఊపిరి బాగా అందుతోంది, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, దాంతో విశ్రాంతి రోజులు తీసేసి వరసగా ఐదు రోజులు పరిగెత్తాను. ఆరో రోజు పొద్దున మంచం దిగేసరికి మోకాలి కింద, కాలి ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి. షిన్ స్ప్లింట్స్ అంటారు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకీ, కండరాలను ఎముకకి పట్టి ఉంచే తాళ్లలాంటి స్నాయువులకీ నెలలు పడుతుంది. ఆయాసం తగ్గిందంటే కాళ్లు కూడా సిద్ధమైనట్టు కాదని నాకు నొప్పి వచ్చాకే అర్థమైంది.

రెండు వారాలు నడక మాత్రమే. నాది ఎముక వెంట పరుచుకున్న నొప్పి కాబట్టి విశ్రాంతితో తగ్గింది. వేలితో నొక్కితే ఒకే చోట పొడిచినట్టు ఉన్నా, పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా డాక్టర్‌కి చూపించాలి, ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. తర్వాత మూడో వారాన్ని మళ్లీ మొదటినుంచి చేశాను.

ఈసారి రెండు మార్పులు. అడుగు భాగం అరిగిపోయిన షూస్ పక్కనపెట్టి కొత్తవి తీసుకున్నాను. సాధారణంగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనికొస్తుందంటారు, నా పాతవి అంతకంటే చాలా ఎక్కువే తిరిగాయి. రెండోది, అడుగు పొడవు తగ్గించాను. కుడికాలు నేలను తాకడం 30 సెకన్ల పాటు లెక్కపెడితే ముందు 39 వచ్చేది, ఇప్పుడు 41. అంత చిన్న తేడాకే పాదం శరీరానికి మరీ ముందుకు కాకుండా దాదాపు కిందే పడుతోంది, మడమ మీద దెబ్బ తగ్గింది.

ఇక ఐదో వారం. మొదటి రోజు 5 నిమిషాల పరుగులు మూడు, రెండో రోజు 8 నిమిషాలవి రెండు, మూడో రోజు ఒక్కసారిగా 20. రాత్రంతా టెన్షన్. మొదటి 5 నిమిషాలు కావాలనే బాగా నెమ్మదిగా వెళ్లాను. 12వ నిమిషం దగ్గర ఆగిపోవాలనిపించింది. గడియారం చూడడం మానేసి అడుగులు లెక్కపెట్టాను. 15 దాటాక ఊపిరి దానంతటదే ఒక లయలో పడింది. ఆఖరి నిమిషంలో కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిద్ర లేవగానే మంచం మీదే చూసుకునే నాడి మొదట్లో 78, ఇప్పుడు 71.

రేపు విశ్రాంతి. ఎల్లుండి 5, 8, 5 నిమిషాల పరుగులు, మధ్యలో మూడేసి నిమిషాల నడక. 20 చేశాక ఇది తేలికే అనిపిస్తోంది, అయినా ఒక్క నిమిషం కూడా కలపను.