"నక్షత్రాల్లో కూడానా, సార్?"

శనివారం, రాత్రి పదిన్నర.

ఇవాళ సెకండియర్ వాళ్ళకి కేంద్రకాల పాఠం. పందొమ్మిదేళ్ళుగా చెబుతున్న మాటే మళ్ళీ చెప్పాను: వేడి చేసినా, నలగ్గొట్టినా, ఏ యాసిడ్‌లో ముంచినా అర్ధాయువు, అంటే సగం పరమాణువులు మారిపోవడానికి పట్టే కాలం, మారదు. వెనక బెంచీ అమ్మాయి లేచి "నక్షత్రాల్లో కూడానా, సార్?" అంది. "ఎక్కడైనా అంతేనమ్మా" అనేశాను. ఇంతలో బెల్లు. కూర్చుంది గానీ మొహంలో నమ్మకం లేదు.

స్టాఫ్ రూములో టీ సగం తాగాక నాలిక్కరుచుకున్నా. డార్మ్‌స్టాట్ సంగతి ఎప్పుడో చదివిందే, సమయానికి గుర్తు రాలేదు.

జర్మనీలోని ఆ ఊళ్ళో జీఎస్‌ఐ ప్రయోగశాల ఉంది. మామూలుగా డిస్ప్రోసియం-163 అనే పరమాణువు దానంతటది మారదు, కదలదు, మెదలదు. 1992లో వాళ్ళు దాని 66 ఎలక్ట్రాన్లనూ ఒలిచేసి, 108 మీటర్ల రింగులో తిప్పి చూశారు. ఆ ఒట్టి కేంద్రకం హోల్మియంగా మారిపోతోంది! అర్ధాయువు 47 రోజులు. సీట్లన్నీ నిండిన బస్సులాంటిదన్నమాట మామూలు పరమాణువు. బీటా క్షయంలో, అంటే కేంద్రకంలోని న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేటప్పుడు, పుట్టే ఎలక్ట్రాన్‌కి లోపల చోటు లేదు, బయటికి దూకేంత శక్తీ లేదు. ఒలిచేస్తే కేంద్రకం పక్క సీటే ఖాళీ. అందులో కూర్చుంటే కలిసొచ్చే శక్తితో లోటు పూడిపోతుంది. కోట్ల డిగ్రీల వేడిలో నక్షత్రాలు చేసేదీ చాలావరకు ఈ ఒలుపుడే. 1996లో తేలిన రీనియం-187 కథ ఇంకా ఘోరం: 4,200 కోట్ల ఏళ్ళ అర్ధాయువు కాస్తా సుమారు 33 ఏళ్ళకి పడిపోయింది. మా మేష్టార్ల సర్వీసంత!

సాయంత్రం ఆవిడ ముక్కుపుడక మర అరిగిపోయిందంటే బంగారం కొట్టుకి వెళ్ళాం. బాగుచేయడానికి తీసుకునే ముందు తూకం. ఆయన ఫ్యాను ఆపాడు, కాటా చుట్టూ గాజు తలుపు మూశాడు, అయినా చివరి అంకె కాసేపు అటూ ఇటూ ఊగింది. రీనియం-187కీ, అది మారితే వచ్చే ఆస్మియం-187కీ బరువులో తేడా దాదాపు ఏడు కోట్లలో ఒక వంతు. హైడెల్‌బర్గ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు దాన్నీ తూచారు, 2021లో. కాటా లేదు. అయస్కాంతంలో ఒక్క అయాన్‌ని, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన పరమాణువుని, పట్టి తిప్పుతారు. బరువుంటే చుట్టు నెమ్మది, తేలికైతే వడి. చుట్ల లెక్కే తూకం. బరువుని శక్తి లెక్కలోకి మారిస్తే తేడా 2,471 ఎలక్ట్రాన్ వోల్టులు. అంత చిన్న మొగ్గు కాబట్టే, ఎలక్ట్రాన్లు ఉన్నాయా ఊడాయా అన్నదానికి అంత విలువ.

అన్నట్టు, మన సూర్యుడు పుట్టడానికి ఎంతకాలం పట్టిందో లెక్కగట్టేవాళ్ళకీ ఇలాంటి కొలతే కావలసొచ్చింది. ఒలిచిన థాలియం-205 అర్ధాయువు 291 రోజులని 2024లో ప్రకటించారు. సిద్ధాంతం చెప్పినదానికి రెట్టింపు పైనే.

సోమవారం మొదటి పీరియడ్ వాళ్ళదే. 47, 33, 291 అని కొట్టువాడిచ్చిన రసీదు వెనకే రాసి చొక్కా జేబులో పెట్టుకున్నా. "అది లేకపోతే ముక్కుపుడక ఇవ్వడు, తెలుసా" అంటోంది ఆవిడ.