కళ్లు తిరుగుతున్నాయని ఆ యంత్రానికి ఎలా చెప్పాలి?

2025 సెప్టెంబరు 9, మంగళవారం రాత్రి షాపు షట్టరు సగం దించి, ఆనాటి లెక్క ముగించుకుని, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని పదిన్నరకు యాపిల్ సంస్థ కొత్త పరికరాల ప్రదర్శన చూడటం మొదలుపెట్టాను. కాలిఫోర్నియాలోని కుపర్టినోలో అప్పటికి ఉదయం పది గంటలు. మాది తిరుపతి రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మందుల షాపు. నేను, నా భార్య కలిసి పంతొమ్మిదేళ్లుగా నడుపుతున్నాం, ఇద్దరం ఫార్మసీ చదివినవాళ్లమే. ఇలాంటి ప్రదర్శనలను నేను ఏటా శ్రద్ధగా చూస్తాను. ఇప్పుడు లక్ష రూపాయల ఫోనులో చూపించిన సౌకర్యం కొన్నేళ్లకు మా షాపుకు వచ్చేవారి చేతుల్లోని పది, పన్నెండు వేల ఫోనులోకి దిగి రావడం చాలాసార్లు గమనించాను కనుక, కొనే ఉద్దేశం లేకపోయినా నాకు అది అవసరమైన విషయమే.

ఫోన్ల గురించి ఎక్కువ చెప్పను. ఐఫోన్ ఎయిర్ అనే కొత్త ఫోను మందం 5.6 మిల్లీమీటర్లు, బరువు 165 గ్రాములు. మన దేశంలో అప్పుడు ధర 1,19,900 రూపాయల నుంచి మొదలైంది. అందులో సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, వెనక కెమెరా కూడా ఒకటే. మామూలు ఐఫోన్ 17 ధర అప్పుడు 82,900 రూపాయలు. ఇంతకుముందు ఖరీదైన ప్రో రకాలకే ఇచ్చిన, కదలికలు నున్నగా కనిపించే 120 హెర్ట్జ్ తెరను ఈసారి దీనికి కూడా ఇచ్చారు, నిల్వ 256 జీబీ నుంచి మొదలవుతుంది. కొనగలిగినవారికి ఈ రెండింటిలో ఇదే మేలని నా అభిప్రాయం. నా మనసు మాత్రం ఎయిర్‌పాడ్స్ ప్రో 3 అనే ఇయర్‌బడ్ల గురించి చెబుతూ వారు చూపించిన ప్రత్యక్ష అనువాదం దగ్గరే ఆగిపోయింది.

అది పనిచేసే తీరు ఇది. ఎదుటి మనిషి వేరే భాషలో మాట్లాడుతుంటే మన చెవిలోని ఇయర్‌బడ్లు ఆ మాటలను పట్టుకుని ఐఫోనుకు అందిస్తాయి. ఫోను వాటిని మన భాషలోకి మార్చి, తిరిగి గొంతుగా చేసి మన చెవిలో వినిపిస్తుంది. ఆ సమయంలో అవతలివారి అసలు గొంతును కొంత తగ్గిస్తుంది కాబట్టి రెండు మాటలు కలగాపులగం కావు. మనం చెప్పే జవాబు ఫోను తెర మీద అవతలివారి భాషలో కనిపిస్తుంది. కావలసిన భాషలను ముందే ఫోనులోకి దించి పెట్టుకుంటే ఈ పనంతా ఫోనులోనే జరిగిపోతుంది. ఒక మనిషి తన జబ్బు గురించి చెప్పుకునే మాటలు ఫోను దాటి బయటికి వెళ్లకపోవడం ఎంత ముఖ్యమో మందుల షాపు నడిపేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇయర్‌బడ్ల ధర అప్పుడు 25,900 రూపాయలు, వాటికి తోడు ఐఫోన్ 15 ప్రో గాని, ఆ తరువాత వచ్చిన తగిన ఫోను గాని ఉండాలి. ఖరీదైనదే, అయినా ఇన్నేళ్లలో ఇలాంటి ప్రదర్శనల్లో మా కౌంటరుకు ఇంత దగ్గరగా వచ్చిన వస్తువును నేను చూడలేదు.

ఆ తరువాత భాషల జాబితా వచ్చింది. మొదట ఇంగ్లిషు, ఫ్రెంచి, జర్మన్, పోర్చుగీసు, స్పానిషు. ఆ ఏడాది చివరికి ఇటాలియన్, జపనీస్, కొరియన్, చైనీస్. ఆ జాబితాలో భారతీయ భాష ఒక్కటీ లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షల మంది. ఇటలీ దేశ జనాభా మొత్తం కలిపినా ఆరు కోట్లకు చేరదు. ఈ లెక్క ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వలేదు. కోపం కంటే ఎక్కువగా, మే నెలలో మా షాపులో జరిగిన ఒక సంఘటన మళ్లీ మళ్లీ గుర్తుకు వచ్చింది.

తిరుపతిలో మందుల షాపు అంటే రోజుకు ఐదారు భాషలు వినే చోటు. తమిళం మాకు పరాయి భాషే కాదు, చిత్తూరు వైపు వారికి అది ఇంట్లో సగం భాష. కన్నడం అర్థమవుతుంది, పనికి సరిపడా హిందీ వస్తుంది. ఆ పైన మరాఠీ, గుజరాతీ, ఒడియా, బెంగాలీ వారు వస్తారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, కొండ దిగి వచ్చినవారికి మోకాళ్ల నొప్పి నూనె కావాలో, వాంతుల మాత్ర కావాలో చేతి సైగలతోనే చాలావరకు తెలిసిపోతుంది. ఇబ్బంది వచ్చేది సైగలకు అందని బాధల దగ్గర. మనం ‘కళ్లు తిరుగుతున్నాయి’ అంటాం. తమిళులు ‘తల సుత్తుదు’ అంటారు, కన్నడిగులు ‘తలె సుత్తుత్తిదె’ అంటారు, హిందీవారికి ‘చక్కర్’ వస్తుంది. బాధ ఒక్కటే అయినా తిరిగేది మనకు కళ్లు, పక్కవారికి తల. పదానికి పదం పెట్టి తర్జుమా చేసే యంత్రం మా ఊరి పెద్దాయన్ని కంటి డాక్టరు దగ్గరికి పంపుతుంది. ‘ఊపిరి ఆడటం లేదు’, ‘గుండెల్లో మంట’, ‘ఆ మాత్ర నాకు పడదు’ అన్నవి కూడా ఇలాంటివే. ఇవి రోజూ పదిమంది నోట వినిపించే మాటలు, వీటిలో ఒకటి తప్పితే మందు తప్పుతుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం అరవై దాటిన ఒక ఒడియా అమ్మ భర్తతో కలిసి వచ్చింది. ఇద్దరికీ హిందీ రాదు. ఆమె రెండు చేతులతో తల పట్టుకుని ఒకే మాట పదే పదే అంటోంది. ‘ముండ బులాఉఛి’ అని. మన చెవికి తిట్టులా వినిపించే ఆ మాట విని షాపులో పని చేసే కుర్రాడు బిత్తరపోయాడు. నేను తలనొప్పి అనుకున్నాను. ఎండలో వచ్చారు, తల పట్టుకున్నారు, వేరే ఆలోచన రాలేదు. ఐబూప్రొఫెన్ ఉన్న నొప్పి మాత్రల అట్ట చేతిలోకి తీసుకున్నాను కూడా. అంతలో మా ఆవిడ, ఆ పెద్దావిడ కౌంటరు అంచును పట్టుకున్న తీరు చూసి, ‘‘ఉండండి, ఆమె నిలబడలేకుండా ఉండాది, ముందు బీపీ చూడండి’’ అంది. చేతికి పట్టీ చుట్టి చూస్తే పైది 190, కిందిది 110. ఆమె అంటున్నది తల తిరుగుతోందని. ఒడియాలో ‘ముండ’ అంటే తల. బీపీ మాత్రలను ఊళ్లోనే మరిచి వచ్చి నాలుగు రోజులైందన్న సంగతి, వారి బృందంలో హిందీ తెలిసిన ఒకాయన వచ్చి చెప్పేదాకా, అంటే మరో ఇరవై నిమిషాల దాకా మాకు తెలియలేదు. బీపీ అంత ఉన్న మనిషికి ఐబూప్రొఫెన్ దాన్ని ఇంకా పెంచగలదు. ఆమెను ఆటోలో ఆసుపత్రికి పంపించాం. మరునాడు భర్త చీటీ తెచ్చి బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ మాత్రలు తీసుకుని, మాకు నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ నమస్కారం అందుకోవడానికి నాకు చేతులు రాలేదు.

అందుకే ఆ ప్రదర్శనలో గడియారం గురించి చెప్పిన భాగాన్ని కూడా నేను చాలా జాగ్రత్తగా విన్నాను. యాపిల్ వాచ్ సిరీస్ 11 ధర అప్పుడు 46,900 రూపాయలు. గుండె కొట్టుకున్నప్పుడు రక్తనాళాలు స్పందించే తీరును మణికట్టు దగ్గర కాంతితో గమనిస్తూ, 30 రోజుల సమాచారం చూసి, అధిక రక్తపోటు ఉండవచ్చని సూచన ఇస్తుంది. సంఖ్య చెప్పదు. ఆ సూచన వస్తే మామూలు పట్టీ యంత్రంతో ఏడు రోజులు చూసుకుని, ఆ లెక్కతో డాక్టరు దగ్గరికి వెళ్లమంటుంది. లక్షమందికి పైగా పాల్గొన్న అధ్యయనాల సమాచారంతో దీన్ని తయారు చేశామని, రెండు వేల మందికి పైగా ఉన్న మరో అధ్యయనంలో సరిచూశామని చెప్పారు. అందరిలోనూ ఇది పసిగట్టలేదని కూడా వారే ఒప్పుకున్నారు. ఆ మాట నాకు నచ్చింది. బీపీ యంత్రంగా అమ్మకుండా, యంత్రం దగ్గరికి పంపే హెచ్చరికగా చెప్పడం నిజాయితీ గల పని. 2019లో ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని, వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ తెలియని సగాన్ని నేను రోజూ చూస్తాను. ‘‘నాకేం బీపీ లేదబ్బా, బాగుండాను’’ అంటూనే చెయ్యి చాపుతారు, పట్టీ బిగిసి సంఖ్య రాగానే ముఖం మారిపోతుంది. అయితే నన్ను అడిగినవారికి నేను గడియారం చెప్పను. రెండు వేల రూపాయల్లో దొరికే చేతి పట్టీ యంత్రం ఇంట్లో పెట్టుకుని వారానికి ఒకసారి అమ్మకు, నాన్నకు చూడమంటాను. మందు ఖర్చు కూడా చాలామందికి రోజుకు రెండు మూడు రూపాయలే.

మళ్లీ భాష దగ్గరికి వస్తాను. తెలుగును యంత్రానికి నేర్పడం అసాధ్యమేమీ కాదు. గూగుల్ అనువాదంలో తెలుగు 2011లోనే చేరింది. కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల అనువాదం కోసం భాషిణి అనే వేదికను 2022 జూలైలో ప్రారంభించింది. ఐఐటీ మద్రాసులోని పరిశోధక బృందం రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ అనువాద నమూనాలను 2023లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. పైగా తెలుగు నుంచి తమిళానికో, కన్నడానికో వెళ్లే దారి ఇంగ్లిషు నుంచి తెలుగుకు వచ్చే దారి కంటే సులువు. ‘నాకు రాత్రి నుంచి కడుపు నొప్పిగా ఉంది’ అన్న వాక్యాన్ని తమిళులు కూడా ఇదే వరసలో, క్రియను చివర పెట్టుకునే అంటారు. ఇంగ్లిషు నుంచి తెలుగుకు మార్చేటప్పుడు వాక్యం సగం దాకా విని ఆగవలసిన యంత్రం, ఇక్కడ మాట వెంట మాట నడిచిపోవచ్చు. కష్టం ఎక్కడంటే, నేర్పే తెలుగు వార్తలు చదివే తెలుగు అయితే సరిపోదు. ‘ఉండాది’, ‘వచ్చినాను’, ‘తలకాయ నొస్తావుంది’ అనే గొంతులను, పళ్లు ఊడిన గొంతులను, నీరసంతో మాట మింగేసే గొంతులను రికార్డు చేసి నేర్పాలి. ఆ పని ఎవరో ఒకరు ఇక్కడికి వచ్చి, మావంటి కౌంటర్ల దగ్గర నిలబడి, అడిగి ఒప్పించి చేయవలసిందే.

ఫోన్ల పరిశ్రమ వారు ఇక్కడికి రాకుండా ఏమీ లేరు. మా జిల్లా శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 2015 నుంచి షావోమీ ఫోన్లు తయారయ్యాయి. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు బస్సుల్లో వెళ్లి ఆ ఫోన్లను బిగించారు. 165 కోట్ల రూపాయల పెట్టుబడితో దేశంలో మొదటి లిథియం బ్యాటరీ సెల్ కర్మాగారం తిరుపతిలోనే వచ్చింది, 2022 సెప్టెంబరులో దాని ముందస్తు ఉత్పత్తిని ప్రారంభించారు. ఫోన్లలో, చెవిలో పెట్టుకునే పరికరాల్లో వాడే సెల్సే అవి. మా జిల్లా చేతులు ఈ పరిశ్రమకు పనికి వచ్చినప్పుడు మా జిల్లా మాట కూడా పనికి రావాలని నేను కోరుకుంటున్నాను. ఏ కంపెనీ ముందు చేస్తే ఆ కంపెనీ పరికరాన్ని, ధర ఎంతైనా, షాపు ఖర్చు కింద రాసుకుని మొదటి రోజే కొంటాను.

అంతవరకు మా దగ్గర ఉన్నది ఒక పొడుగు నోటుబుక్కు. షాపు పెట్టిన రెండో ఏట మా ఆవిడ మొదలుపెట్టింది. నిలువు గీతలు కొట్టి తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ మాటలను తెలుగు లిపిలో రాసుకున్నాం. షుగరు ఉందా, బీపీకి మందు వాడుతున్నారా, ఏ మాత్ర పడదు, కడుపుతో ఉన్నారా అనే ప్రశ్నలు, వాటికి వచ్చే జవాబులు. అట్ట చిరిగితే రెండుసార్లు కుట్టించాం. ఆ నెల 17 నుంచి తమిళుల పెరటాసి మాసం, 24 నుంచి బ్రహ్మోత్సవాలు. ఇక షాపులో ఊపిరి సలపదు. అందుకని ఆ ప్రదర్శన చూసిన మూడో రోజు, మా వీధి లాడ్జీలో పనిచేసే, ఒడిశాలోని బరంపురం కుర్రాడిని మధ్యాహ్నం భోజనానికి పిలిచి, ఐదో గీత కొట్టి, ఒడియా మాటలు అడిగి రాసుకున్నాం. ‘ఔషధ ఖాఉఛంతి కి?’ (మందు వాడుతున్నారా?) అని నేను మూడుసార్లు తప్పు పలికితే అతను మూడుసార్లూ ఓపికగా దిద్దాడు. అన్నిటికంటే ముందు మా ఆవిడ ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న వరసలో ‘ముండ బులాఉఛి’ అని రాసి, దాని పక్కన ఎర్ర పెన్నుతో ‘ముందు బీపీ చూడాలి’ అని రాసింది.