పైథాన్‌తో పాటే వచ్చిన పనిముట్లు: ఆరు వారాల నా చిట్టా

మాది గుంటూరు, బ్రాడీపేట. పగలు మందుల ఏజెన్సీలో బిల్లింగ్ పని. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. మా బాబాయి మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. ఏ రకం ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయో, ఏ ధర పలికిందో రోజూ సాయంత్రం నాకు వాట్సాప్‌లో పెడతాడు. రెండేళ్ల మెసేజ్‌లు అలా పోగుపడ్డాయి. వాటిని ఒక పద్ధతిలో దాచాలని ఎప్పటి నుంచో కోరిక.

నా ల్యాప్‌టాప్ పాతది, డిస్కు దాదాపు నిండిపోయింది. అందుకే ఈసారి కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడదని, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చిన చిన్న చిన్న పనిముట్లతోనే నెట్టుకురావాలని పట్టుబట్టాను. ఆరు వారాల్లో ఏది అక్కరకొచ్చిందో, ఎక్కడ దెబ్బ తిన్నానో ఇక్కడ రాసుకుంటున్నాను. కమాండ్లన్నీ తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటి వారం

అన్నిటికీ తాళంచెవి ఒకటే: -ఎం. పైథాన్3 అని కొట్టి, -ఎం అని, పక్కన మాడ్యూల్ (ఒక పనికి రాసిపెట్టిన పైథాన్ కోడ్) పేరు ఇస్తే చాలు. ఆ మాడ్యూల్ ఎక్కడుందో పైథానే వెతుక్కుని ప్రోగ్రాములా నడుపుతుంది. 2004లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచీ ఈ సౌకర్యం ఉంది. నాలుగేళ్లుగా పైథాన్ రాస్తున్నాను గానీ, పిప్ (అదనపు ప్యాకేజీలు దించుకునే పనిముట్టు) నడపడానికి తప్ప దీన్ని ఎన్నడూ వాడలేదు.

నాది ఉబుంటు 24.04 అనే లినక్స్, అందులో పైథాన్ 3.12 ఉంది. వెర్షన్ నంబరు ముందే చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఈ పనిముట్లు వస్తూ పోతూ ఉంటాయి. పైథాన్ 3.13లో పాతబడిన మాడ్యూళ్లు 19 ఒక్కసారే తీసేశారు, టెల్‌నెట్‌లిబ్ కూడా అందులో పోయింది. పైగా ఉబుంటు కొన్నిటిని విడదీసి ఇస్తుంది. వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పైథాన్ అమర్చిపెట్టేది) నడిపితే ఆ ప్యాకేజీ వేరుగా వేసుకోమంది. పైథాన్‌లో భాగమే కదా అనుకుని నేను చాలాసేపు తికమకపడ్డాను.

ఈ వారం బాగా నచ్చింది పైడాక్. పైథాన్3 -ఎం పైడాక్ జేసన్ అంటే ఆ మాడ్యూల్ గురించి మొత్తం టెర్మినల్లోనే చదువుకోవచ్చు. -కె తర్వాత ఒక మాట ఇస్తే ఆ మాట ఉన్న మాడ్యూళ్లను వెతికి పెడుతుంది. మా వీధిలో కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ మాత్రం ఇంకో రెండు గంటలు నడుస్తుంది. ఆ చీకట్లో నెట్ లేకుండా చదువుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి.

రెండో వారం

బాబాయి మెసేజ్‌లను జేసన్ (డేటాను పేరు, విలువ జతలుగా రాసే పద్ధతి) ఫైల్లోకి ఎక్కించాను. తేదీ, రకం, టిక్కీలు, ధర. తేజ, 334, 341, బ్యాడిగి, ఇలా మిర్చి రకాలన్నీ వరసగా. ఫైలు కుదురుగా కనిపించాలని పైథాన్3 -ఎం జేసన్.టూల్ నడిపితే, తెలుగు మొత్తం మాయమైంది. తేజ ఉండాల్సిన చోట వెనక్కి వాలిన గీత, యు, 0సి24. మళ్లీ గీత, యు, 0సి47. మళ్లీ గీత, యు, 0సి1సి. రెండక్షరాల మాట పద్దెనిమిది గుర్తులైంది. డేటా అంతా పాడైపోయిందని టెన్షన్ పట్టుకుంది.

పాడవలేదు. త ఒక కోడ్, దాని మీది ఏత్వం ఒక కోడ్, జ ఒక కోడ్. యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే పట్టిక) వాటి నంబర్లే అవి. జేసన్‌గా ఏ ప్రోగ్రాము చదివినా వాటిని తిరిగి తేజ అనే చదువుతుంది. ఆస్కీలో (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల పాత పట్టిక) లేని అక్షరం ఏదైనా ఇలా మార్చి చూపడం జేసన్.టూల్ అలవాటు. --నో-ఎన్‌ష్యూర్-ఆస్కీ అని చేరిస్తే తెలుగు తెలుగులాగే వస్తుంది. 3.9 నుంచి ఈ ఆప్షన్ ఉంది. తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఇదే అంటాను. నేనైతే షెల్‌లో (టెర్మినల్లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రాము) దీనికో మారుపేరు పెట్టేసుకున్నాను.

తప్పులు పట్టడంలో ఇది దిట్ట. చివరి వరస తర్వాత ఒక కామా మిగిలిపోతే, తాను ఎన్నో లైనులో, ఎన్నో కాలమ్‌లో చదవలేకపోయిందో చెప్పి ఆగుతుంది. అయితే తెలుగు ఉన్న లైనులో ఆ కాలమ్ అంకెను అక్షరాలు లెక్కపెట్టుకుంటూ వెళితే దొరకదు. దాని లెక్కలో తేజ అంటే మూడు. ఒత్తులు, గుణింతపు గుర్తులు, సున్నాలు అన్నీ విడివిడిగానే లెక్కకొస్తాయి. ఇది తెలిశాక ఎడిటర్లో తప్పు వెతకడం తేలికైంది.

గురువారం రాత్రి ఒక దెబ్బ తగిలింది. కుదురు చేసిన ఫలితాన్ని అదే ఫైల్లోకి పంపుదామని, కమాండ్ చివర బాణం గుర్తు పెట్టి అదే పేరు ఇచ్చాను. ఫైలు సున్నా బైట్లు. పైథాన్ దాన్ని చదవకముందే షెల్ ఆ ఫైలును రాయడానికి తెరిచి ఖాళీ చేసేస్తుంది. నాలుగు రాత్రుల టైపింగ్ పోయింది. మెసేజ్‌లు ఫోన్లో ఉన్నాయి కాబట్టి మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు ఎప్పుడూ వేరే పేరుతో రాసి, తెరిచి చూసుకుని, అప్పుడు పేరు మారుస్తాను. ఇంకో మార్పు కూడా చేశాను: ఒక పెద్ద ఫైలు బదులు రోజుకొక లైను, ప్రతి లైనూ విడిగా ఒక జేసన్. కొత్త రోజు వస్తే చివర ఒక లైను చేరుతుంది, పాతవాటి జోలికి పోనక్కర్లేదు. --జేసన్-లైన్స్ ఇస్తే జేసన్.టూల్ దీన్నీ చక్కగా చదువుతుంది.

మూడో వారం

పని ఎక్కువై రెండు రాత్రులే కూర్చున్నాను. నెల నెలా ఫైళ్లను మూట కట్టడానికి జిప్‌ఫైల్ చూశాను. -సి తయారు చేయడానికి, -ఎల్ లోపల ఏముందో చూడడానికి, -టి మూట బాగుందో లేదో పరీక్షించడానికి, -ఇ విప్పడానికి. తెలుగు పేర్లున్న ఫైళ్లు పెట్టి విప్పి చూశాను, పేర్లు చెక్కుచెదరలేదు.

ఎస్‌క్యూలైట్3 అనే డేటాబేస్ మాడ్యూల్‌కు కమాండ్ లైన్ 3.12లోనే వచ్చింది. డేటాబేస్ పేరు ఇచ్చి, పక్కన కొటేషన్లలో ప్రశ్న రాస్తే జవాబు ఇస్తుంది. చిన్న స్క్రిప్టుతో డేటా ఎక్కించాను. తేజ పొడవెంతని లెంగ్త్‌తో అడిగితే ఇదీ 3 అనే చెప్పింది. జవాబులు బ్రాకెట్లలో పైథాన్ టపుల్ రూపంలో వస్తాయి, గళ్లు గీసిన పట్టికలా కాదు. నా అవసరానికి సరిపోతుంది.

నాలుగో వారం

బాబాయికి ఈ లెక్కలు ఫోన్లో చూపించాలి. ఫైళ్లను బ్రౌజర్‌కు అందించడానికి పాత నోట్సులో సింపుల్‌హెచ్‌టీటీపీసర్వర్ అని రాసుకుని ఉంది, అది పైథాన్ 2 నాటి పేరు. ఇప్పుడు హెచ్‌టీటీపీ.సర్వర్. నడిపితే ఏ ఫోల్డర్లో ఉన్నామో దాన్ని 8000 పోర్టులో తెరిచి పెడుతుంది. హోస్ట్‌నేమ్ కమాండ్ పక్కన -ఐ, పెద్ద అక్షరంలో, ఇస్తే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ తెలుస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్లో ఆ అడ్రస్, కోలన్, 8000 కొట్టాలి.

బాబాయి కొట్టాడు. తెరుచుకుంది. ఒక నిమిషం వేలితో పైకీ కిందికీ జరిపి, "ఒరేయ్, ఇందులో నీ జీతం కాయితం కూడా ఉందేందిరా?" అన్నాడు. నేను దాన్ని హోమ్ ఫోల్డర్లో నడిపాను. దీనికి పాస్‌వర్డ్ ఉండదు. అదే వైఫైలో ఉన్న ఎవరైనా ఆ ఫోల్డర్లోని ప్రతి ఫైలునూ, దాచిన ఫైళ్లతో సహా, తీసుకోవచ్చు. మా రౌటర్‌ను పై పోర్షన్ వాళ్లు కూడా వాడుకుంటారు. గుండె గుభేలుమంది. అప్పటి నుంచి పంచుకోవడానికని వేరే ఫోల్డర్ పెట్టి, -డి తర్వాత దాని పేరే ఇస్తున్నాను. నేనొక్కడినే చూసుకోవాలంటే --బైండ్ 127.0.0.1. పని అయిన వెంటనే కంట్రోల్-సి. ఇది ఇంట్లో ఫైళ్లు అందించుకోవడానికే, బయటి ప్రపంచానికి పెట్టే సర్వర్ కాదని పైథాన్ డాక్యుమెంటేషన్ కూడా హెచ్చరిస్తుంది.

ఇక్కడా తెలుగుకు ఒక చిక్కు వచ్చింది. టెక్స్ట్ ఫైలు తెరిస్తే ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాల మీద చుక్కలూ గీతలూ తప్ప తెలుగు లేదు. ఆ సర్వర్ ఇది టెక్స్ట్ అని చెబుతుంది గానీ ఏ ఎన్‌కోడింగో (అక్షరాలను బైట్లుగా రాసిన పద్ధతి) చెప్పదు, బ్రౌజర్ తనకు తోచింది ఊహించుకుంటుంది. అదే సమాచారాన్ని హెచ్‌టీఎంఎల్ ఫైలు చేసి, పైన మెటా ట్యాగులో యూటీఎఫ్-8 అని రాస్తే సరిగ్గా వచ్చింది.

ఐదో వారం

యార్డుకు శని, ఆదివారాలు సెలవు, వేసవిలో మళ్లీ పెద్ద సెలవులు. కొట్లో గోడకు సెలవులు గుర్తుపెట్టుకోవడానికి తెలుగు క్యాలెండర్ ఒకటి కావాలన్నాడు బాబాయి. పైథాన్3 -ఎం క్యాలెండర్ 2026 అంటే ఏడాది మొత్తం వస్తుందని తెలుసు. కొట్టాను. వచ్చింది క్యాలెండర్ కాదు, కిందటి వారం నేనే రాసిన స్క్రిప్టు. దానికి క్యాలెండర్.పై అని పేరు పెట్టుకున్నాను. -ఎం ముందుగా మనమున్న ఫోల్డర్లోనే వెతుకుతుంది కాబట్టి అదే దొరికింది. పేరు మార్చాను. పేరు మార్చడం కుదరకపోతే 3.11 నుంచి -పి, ఇదీ పెద్ద అక్షరమే, ఉంది. దాంతో ఈ ఫోల్డర్‌ను పట్టించుకోదు.

తెలుగు పేర్లు రావాలంటే ముందు సిస్టంలో తెలుగు లొకేల్ (ఆ భాషలో నెలలు, వారాల పేర్ల వంటివి ఉండే అమరిక) ఉండాలి. లొకేల్-జెన్‌తో తయారు చేశాను. క్యాలెండర్‌కు -ఎల్, పెద్ద అక్షరం, తర్వాత టీఈ_ఐఎన్, దాంతోపాటు -ఇ యూటీఎఫ్-8 కూడా తప్పనిసరిగా ఇవ్వాలి. జనవరి, ఫిబ్రవరి తెలుగులో కనిపించేసరికి ఎంత సంతోషమేసిందో. స్క్రీన్‌షాట్ పంపాను.

బాబాయి జవాబు: "శనికి గుడి ఏదిరా?"

చూస్తే నిజమే. సో, మం, బు, గు, శు, ఆ తర్వాత శన, ఆద. అంకెలకు రెండు గళ్లు చాలు కాబట్టి వారం పేరునూ రెండు కోడ్లకు కోసేస్తుంది. సోమలో స, దాని ఓత్వం కలిసి రెండు, అందుకే సో నిలిచింది. శనిలో శ, న అయ్యేసరికి రెండూ అయిపోయాయి, న మీది గుడి మూడోది. ఆదిలోనూ అంతే. ఏడు రోజుల్లో సరిగ్గా యార్డు సెలవు రోజులకే గుడి ఎగిరిపోయింది.

-డబ్ల్యూతో వెడల్పు పెంచాను. 3 ఇస్తే శని, ఆది బాగుపడ్డాయి, గురు కాస్తా గుర అయింది. 4 ఇస్తే గురు నిలబడింది, శుక్ర శుక్ దగ్గర ఆగింది. 5 దగ్గర అందరికీ చోటు దొరికింది. కానీ గళ్లు ఒకదాని కింద ఒకటి రాలేదు. గుణింతపు గుర్తులు తెరమీద విడిగా చోటు తీసుకోవు, పైథాన్ మాత్రం వాటికీ చోటు లెక్కేసింది. గోడకు పెట్టేలా లేదు.

ఆరో వారం

పరిష్కారం పక్కనే ఉంది. -టి హెచ్‌టీఎంఎల్ ఇస్తే క్యాలెండర్ వెబ్ పేజీగా వస్తుంది. అందులో వారం పేర్లను కొయ్యదు, గళ్లు సర్దే పని బ్రౌజర్ చూసుకుంటుంది. తేదీ ఉన్న ప్రతి గడికీ వారాన్ని బట్టి ఎస్‌ఏటీ, ఎస్‌యూఎన్ అని క్లాసు పేరు ఉంటుంది, రంగులు, సైజుల కోసం పేజీ క్యాలెండర్.సీఎస్ఎస్ అనే ఫైలును అడుగుతుంది. నేను ఆ ఫైల్లో మూడు లైన్లు రాశాను: ఆ రెండు క్లాసులకూ ఎరుపు, అంకెలకు పెద్ద సైజు, గళ్లకు గీతలు. వారం సోమవారంతో మొదలవుతుంది కాబట్టి సెలవులు రెండూ చివర పక్కపక్కనే పడ్డాయి.

నిన్న అరండల్‌పేటలో జిరాక్స్ షాపులో ఏ3 కాయితం మీద కలర్ ప్రింటు తీయించాను. వేసవి సెలవుల తేదీలు యార్డు ప్రకటించాక బాబాయే పెన్నుతో దిద్దుకుంటానన్నాడు. ఈ పొద్దున కొట్లో కాటా వెనక గోడకు అతికించి ఫోటో పంపాడు. శని, ఆది ఎర్రగా, గుడితో సహా ఉన్నాయి.