ఎర్రగా వెలిగినంత మాత్రాన జీన్ ఆన్ అయినట్టు కాదు

పోస్ట్‌డాక్‌గా విదేశీ ల్యాబ్‌లో చేరిన మనవాళ్ల చేతికి తరచూ ముందుగా వచ్చేది ఏఐ14 అనే జన్యుమార్పిడి ఎలుకల కేజ్. వీటిలో 6వ క్రోమోజోము మీది రోసా26 అనే చోట ఎర్రగా మెరిసే ప్రొటీన్‌ను తయారుచేసే టీడీటొమాటో జీన్ ఉంటుంది. దాని ముందు రెండు లాక్స్‌పీ గుర్తులు, వాటి నడుమ జీన్‌ను ఆపి ఉంచే ఒక స్టాప్ క్యాసెట్. క్రీ ఎంజైమ్ ఆ గుర్తుల దగ్గర కోసి స్టాప్‌ను పారేస్తే కణం ఎర్రబడుతుంది. ఆ తర్వాత క్రీ పోయినా ఎరుపు పోదు, దాని పిల్లకణాలకూ అదే రంగు వస్తుంది. అందుకే ఈ ఎలుక 'ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ క్రీ పనిచేసింది' అని మాత్రమే చెబుతుంది. ఇప్పుడు ఎంత పనిచేస్తోందో చెప్పదు.

ఏడాది కాంట్రాక్ట్, దాన్ని పట్టుకుని వేలాడే వీసా ఉన్నవాళ్లు ముందు క్యాలెండర్ చూసుకోవాలి. రెండు జీన్ ప్రతుల్లోనూ రిపోర్టర్ (ఈ ఎర్ర రంగు జీన్) ఉన్న ఎలుకను, ఒక ప్రతిలో క్రీఈఆర్‌టీ2 (టామోక్సిఫెన్ అనే మందు పడ్డాకే పనిచేసే క్రీ) ఉన్న ఎలుకతో జత కలిపితే పిల్లలన్నింటికీ రిపోర్టర్ వస్తుంది, సుమారు సగానికి క్రీ కూడా వస్తుంది. గర్భం దాదాపు 20 రోజులు, తల్లి నుంచి వేరుచేసేది 21వ రోజున, ఆ మందు ఇంజెక్షన్ 8 వారాల వయసులో. ఆ తర్వాత ఆగాల్సిన ఒకటి రెండు వారాలు కలిపితే ఒక్క ప్రయోగానికి సుమారు మూడు నెలలు. ఎలుకలు వేరే సంస్థ నుంచి రావాలంటే క్వారంటైన్ అదనం. ఈలోగా అమెరికాలోనైతే ఐఏసీయూసీ (సంస్థలోని జంతు ప్రయోగాల కమిటీ) ప్రొటోకాల్‌లో పేరు చేరాలి, బ్రిటన్‌లోనైతే హోం ఆఫీస్ పర్సనల్ లైసెన్స్ రావాలి. అంతవరకు సూది ముట్టుకోకూడదు. చేరిన రోజే ఆ దరఖాస్తు పెట్టేయడం మంచిది.

ఇక టామోక్సిఫెన్. మొక్కజొన్న నూనెలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు వేసి, ట్యూబుకు రేకు చుట్టి, 37 డిగ్రీల షేకర్‌లో రాత్రంతా తిప్పాలి. పొద్దున వెలుతురుకు ఎదురుగా క్షణంసేపు పట్టి చూస్తే అడుగున తెల్లటి పొడి కనిపించకూడదు. కనిపిస్తే కరగలేదన్నమాట, అలాగే వాడితే మొదటి ఎలుకకు ఒక డోసు, చివరిదానికి ఇంకో డోసు పడుతుంది. వాడుకలో ఉన్న డోసు కిలో బరువుకు 75 మిల్లీగ్రాములు, రోజుకోసారి, ఐదు రోజులు, పొట్టలోకి. 25 గ్రాముల ఎలుకకు 1.875 మిల్లీగ్రాములు, అంటే సుమారు 94 మైక్రోలీటర్లు. రోజూ తూచాలి, ఎందుకంటే ఈ మందుకు ఎలుకలు బరువు తగ్గుతాయి. మొదటిరోజు బరువుతోనే ఐదు రోజులూ ఇచ్చేస్తే బక్కచిక్కిన ఎలుకకు డోసు ఎక్కువైపోతుంది. ఇది హార్మోన్ మీద పనిచేసే మందు, గర్భిణులు ముట్టుకోకూడదు. వాడిన కేజ్ మీద హెచ్చరిక కార్డు పెట్టాలి.

ఎరుపు కనిపించగానే సంబరపడకుండా దాన్ని అనుమానించడమే అసలు పని. క్రీ ఉండి, ఉత్త నూనె మాత్రమే పడ్డ ఎలుక గుంపు లేకపోతే ఫలితం నిలబడదు. కొన్ని క్రీఈఆర్‌టీ2 లైన్లు (ఎలుక వంశాలు) 'కారుతాయి', అంటే మందు లేకుండానే క్రీ పనిచేసేస్తుంది. మామూలు క్రీ లైన్లలో ఇంకో చిక్కు: క్రీ వీర్యకణాల్లోనో అండాల్లోనో పనిచేసేస్తే పిల్ల ఒళ్లంతా ఎర్రబడుతుంది. టీడీటొమాటో ఎంత గాఢమంటే అలాంటి పిల్ల చెవులు, పాదాలు దీపం అక్కర్లేకుండానే మామూలు గులాబీ రంగు కన్నా ముదురుగా కనబడతాయి. అనుమానం ఉంటే చెవి ముక్కను 75 మైక్రోలీటర్ల 25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 95 డిగ్రీల దగ్గర అరగంట ఉడికించి, అంతే పరిమాణం ట్రిస్ బఫర్‌తో క్షారాన్ని తటస్థపరిచి, స్టాప్ పోయిన బ్యాండ్ కోసం పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) చేయండి. చెవి ముక్క తీసే పంచ్‌ను ప్రతి ఎలుకకూ మధ్య తుడవండి, లేకపోతే పక్క ఎలుక డీఎన్‌ఏనే దొరుకుతుంది. ముసలి ఎలుకల మెదడులో వయసుతో పేరుకునే లిపోఫసిన్ అనే పదార్థం కూడా ఎర్రగా మెరుస్తుంది. ఆకుపచ్చ ఛానెల్‌లోనూ అదే చుక్క కనిపిస్తే అది టొమాటో కాదు.

జీన్‌లను కోసి మార్చే క్రిస్పర్‌ను ఇదే ఎలుకలో పరీక్షించేవాళ్లు మరో లెక్క గుర్తుంచుకోవాలి. దాని కత్తెర ప్రొటీన్ క్యాస్9 ఒకచోట కోసి చిన్న మార్పు చేస్తే సాధారణంగా రంగు రాదు, స్టాప్‌లో తగినంత ముక్క ఊడిపోవాలి. కాబట్టి ఎర్ర కణాల లెక్క అసలు ఎడిటింగ్ కన్నా తక్కువే చూపుతుంది.

కోయకుండా జీన్ పనిని పెంచే డీక్యాస్9 (కోసే గుణం తీసేసిన క్యాస్9) పరికరాలకు ఈ రిపోర్టర్ పనికిరాదు. వాటికి ఆ జీన్ ఆర్‌ఎన్‌ఏను ఆర్‌టీ-క్యూపీసీఆర్‌తో కొలవాలి. ఒక ప్రతి పాడై, రెండో ప్రతి బాగున్న ఎలుక ఇక్కడ సరైన మోడల్. పెంచడానికి మంచి ప్రతి ఒకటైనా ఉండాలి కదా. 2019లో సిమ్1 జీన్ ఒక ప్రతి లేని ఎలుకల్లో ఇలా ఆ జీన్‌ను పెంచి ఊబకాయాన్ని ఆపారు. జీన్‌ను కణాల్లోకి మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో పట్టేది సుమారు 4.7 కిలోబేస్‌లే (ఒక కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు), స్ట్రెప్టోకాకస్ క్యాస్9 ఒక్కటే 4.1 దాటుతుంది. అందుకే డీక్యాస్9 ఒక వైరస్‌లో, దాన్ని సరైన చోటికి తీసుకెళ్లే గైడ్ ఆర్‌ఎన్‌ఏ మరోదానిలో పెడతారు, లేదా డీక్యాస్9ను ముందే ఎలుక జీనోమ్‌లో పెట్టేస్తారు. రక్తం ద్వారా మెదడుకు చేర్చే పీహెచ్‌పీ.ఈబీ అనే ఏఏవీ రకం అయితే సీ57 నల్ల ఎలుకల్లో బాగా పనిచేస్తుంది, బాల్బ్/సీలో చేరదు. రక్తనాళాల గోడ మీది లై6ఏ ప్రొటీన్ తేడా దానికి కారణం. వైరస్ పాడైందని తిట్టుకునే ముందు ఎలుక లైన్ ఏదో చూడండి.

సెలవు మీద ఊరెళ్లేవాళ్లు ఐదురోజుల ఇంజెక్షన్ మధ్యలో విమానం ఎక్కకండి. పని అప్పగించేటప్పుడు కార్డు మీద పుట్టినతేదీ, తల్లిదండ్రుల నంబర్లు, జీనోటైప్, ఇచ్చిన చివరి డోసు తేదీ రాసి, అవే ఫైల్‌లోనూ పెట్టండి. కేజ్ కడిగేటప్పుడు కార్డు తరచూ పోతుంది.