సోషల్ వర్కా, హైస్కూల్ టీచరా? నా వరకు తేలింది

రెండేళ్లుగా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాను. సోషల్ వర్క్ చదవాలా, లేక టీచర్ ట్రైనింగ్ చేసి హైస్కూల్లో లెక్కలు చెప్పాలా అని. ఎవరిని అడిగినా "రెండూ సేవే కదా, ఏదైతే ఏముంది" అన్నారు. చాలా తేడా ఉందండీ. రెండు చోట్లా కొన్ని నెలలు వాలంటీర్‌గా చేశాక చెప్తున్న మాట ఇది.

ముందు కుటుంబాలకు సాయం చేసే ఒక సంస్థలో చేరాను. మొదటి హోమ్ విజిట్ ఇంకా కళ్లముందే ఉంది, వివరాలు మాత్రం రాయను, అవి ఆ ఇంటివాళ్లవి. తలుపు తీసినావిడ మా చేతిలో ఫైల్ చూసింది గానీ మా మొహాలు చూడలేదు. నాతో వచ్చిన సీనియర్ మేడమ్ వెంటనే ఫైల్ బ్యాగులో పెట్టేసి, కింద కూర్చుని, "బాబు రాత్రిళ్లు నిద్రపోతున్నాడా?" అని మాత్రం అడిగారు, ఆ తర్వాత దాదాపు గంటసేపు ఆవిడే మాట్లాడింది. తిరిగి వస్తూ "ఇలా చేయమని మనమే చెప్పేయొచ్చు కదా" అన్నాను. "దారులు చూపిస్తాం, ఏ దారో తేల్చుకోవాల్సింది ఆవిడే" అన్నారు మేడమ్. సోషల్ వర్కర్లు మనుషులతో ఎలా మెలగాలో చెప్తూ ఫెలిక్స్ బీస్టెక్ అనే ప్రొఫెసర్ 1957లో రాసిన ఏడు సూత్రాల్లో ఇదొకటని తర్వాత చదివాను. చదవడం తేలికే, కళ్లెదుట ఒక మనిషి తప్పు దారిలో వెళ్తోందనిపిస్తున్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. అయితే పిల్లల ప్రాణానికి ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం ఏదీ రహస్యంగా ఉంచకూడదు, పై వాళ్లకు చెప్పి తీరాలి. ఆ గీత ఎక్కడుందో ప్రతి ఇంట్లోనూ కొత్తగా వెతుక్కోవాలి. పైగా రాతపని. మాట్లాడిన ప్రతి గంటకీ రిపోర్ట్.

తర్వాత ఒక హైస్కూల్లో లెక్కల టీచర్‌కి సాయంగా వెళ్లాను. పీరియడ్ నలభై అయిదు నిమిషాలు, ఎదురుగా నలభై మంది. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి హోంవర్క్ నోట్‌బుక్ ఎప్పుడూ ఇచ్చేది కాదు, బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం లెక్క గబగబా చేసేసేది. మూడో వారం తన పక్కన కూర్చుంటే అసలు సంగతి కనిపించింది. పెన్సిల్‌తో సన్నగా రాసి, చెరిపి, అదే పేజీ మీద మళ్లీ రాస్తోంది. కాగితం చిరిగేంత పల్చబడిపోయింది. ఇంటి సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అంతలో బెల్ కొట్టారు. స్కూల్ కౌన్సెలర్‌కి చెప్పాను, ఆవిడ చూసుకున్నారు. మర్నాడు ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి "ఇంకా కష్టమైన లెక్క ఇవ్వండి" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పీరియడ్‌లో తను ఎవరి కేసూ కాదు, బీజగణితం బాగా వచ్చిన ఒక పిల్ల. ఇది నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది, నిజానికి నా నిర్ణయం సగం అక్కడే అయిపోయింది.

రెండూ కలిసిన దారి కూడా ఉంది, స్కూల్ సోషల్ వర్క్. 1906 ప్రాంతంలో అమెరికాలో న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో పిల్లల ఇళ్లకు వెళ్లే 'విజిటింగ్ టీచర్ల'తో మొదలైంది అది. దాని గురించీ బాగా ఆలోచించాను. కానీ అక్కడ కూడా పిల్లలు మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా సమస్యతోనే. నాకేమో పిల్లలతో పాటు లెక్కలూ కావాలి. మీకు ఏ సబ్జెక్టు మీదా అంత ఇష్టం లేకపోతే, పిల్లలంటే ప్రేమ ఉంది కదా అని టీచింగ్‌లోకి రావద్దనే చెప్తాను, ఒకే పాఠం నాలుగు సెక్షన్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ ప్రేమ ఒక్కటే సరిపోదు.

టెన్షన్ తక్కువని, సెలవులు ఎక్కువని కూడా టీచింగ్ ఎంచుకోవద్దు. బర్నవుట్, అంటే పని ఒత్తిడితో మనసూ ఒళ్లూ పూర్తిగా అలసిపోవడం గురించి సైకాలజిస్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో రాసింది ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లను చూసి, కానీ టీచర్లకూ అది బాగా తెలిసిన బాధే. నా అనుభవం చెప్తాను. విజిట్లకు వెళ్లిన రోజుల్లో ఆ ఇంట్లో ఇప్పుడేం జరుగుతోందో అని రాత్రి నిద్రపట్టేది కాదు. స్కూలుకెళ్లిన రోజుల్లో గొంతు పోయేది, కాళ్లు లాగేవి, పడుకుంటే మాత్రం నిద్రపట్టేసేది. కొందరికి ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది, అందుకే కోర్సులో చేరకముందే రెండు చోట్లా కొన్నాళ్లు గడిపి చూడండి. ఫీల్డ్ వర్క్, ప్రాక్టీస్ టీచింగ్ కోర్సులోనే ఉంటాయి గానీ, అప్పటికి ఫీజు కట్టేసి ఉంటాం.

టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, బాధపడ్డారేమో అనుకున్నాను. తర్వాత "ప్రాక్టీస్ టీచింగ్‌కి ఏ తరగతి అడుగుతావు?" అన్నారు.

తొమ్మిదే అడుగుతానని చెప్పాను.