అరికాలికి తెలిసిన కొండ

విజయవాడ చిట్టినగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. దుర్గమ్మ మాకు ఇంటి మనిషే. పరీక్షలొచ్చినా, సంబంధం కుదిరినా, కొత్త బండి కొన్నా కొండకు వెళ్ళాల్సిందే. దసరాల్లో మూలా నక్షత్రం రోజు క్యూలో నలిగి, సరస్వతీదేవి అలంకారం చూసి వచ్చేవాళ్ళం. భక్తి లేదని కాదు. కానీ లోపల ఏదో కదిలిందని చెప్పుకోడానికి ఒక్క రోజూ గుర్తు లేదు. అలాంటి రోజు నాకు పెద్ద జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు వచ్చింది, అదీ నడిరోడ్డు మీద.

మొదట విరేచనాలు. వాటంతట అవే తగ్గాయి, మర్చిపోయాను. కొన్నాళ్ళకు అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిర్లు. మర్నాడు మెట్లెక్కుతుంటే కాళ్ళు పట్టు తప్పాయి. ఆ తర్వాత కూర్చుంటే లేవలేకపోయాను. నరాల డాక్టరు మోకాలి కింద సుత్తితో కొట్టి చూస్తే కాలు కదల్లేదు. వెన్నులో నీరు తీసి పరీక్ష చేశారు. గులియన్ బారే సిండ్రోమ్, జీబీఎస్ అన్నారు. ఏదో ఇన్ఫెక్షన్ మీదికి లేచిన మన రోగనిరోధక శక్తే పొరబడి నరాల మీద పడుతుంది. సాధారణంగా కాళ్ళ దగ్గర మొదలై పైకి వస్తుంది. ఛాతీ దాకా వస్తే ఊపిరి తీసుకునే కండరాలు కూడా పడిపోవచ్చు. అందుకే ఇక్కడే చెప్పేస్తున్నాను: రెండు కాళ్ళూ బలహీనపడి, అది పైకి వస్తున్నట్టు అనిపిస్తే బలం మాత్రలు వేసుకుంటూ ఇంట్లో ఉండిపోకండి, మొక్కులు మొక్కుకుంటూ కూడా ఉండిపోకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

ఈ జబ్బుకు మామూలుగా 5 రోజుల పాటు ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) నాకూ ఎక్కించారు. ఐసీయూలో డాక్టరు వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో లెక్కపెట్టమ్మా." ఊపిరి బలం ఎంతుందో అలా తెలుస్తుంది. అంకె బాగా పడిపోతే వెంటిలేటరే. బయట మా అక్క లలితా సహస్రనామం చదువుతోంది. లోపల నేను ఒకటి, రెండు, మూడు అంటున్నాను. ఏ స్తోత్రమూ నోటికి రాలేదు, దేవుణ్ణి తలుచుకోవాలని కూడా తోచలేదు. 20 దాటితే ఆ పూటకు గండం గడిచిందనుకునేదాన్ని. నా జీవితంలో అంత మనసు పెట్టి చేసిన జపం అదొక్కటే.

వెంటిలేటర్ దాకా పోలేదు. కానీ మళ్ళీ నడవడం నెలల పని. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు అని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. నడుము నుంచి అరికాలి దాకా ఎంత దూరమో లెక్కేసుకుని ఏడ్చాను. వాకర్ పట్టుకుంటే పాదం పైకి లేవక వేళ్ళు నేలకు రాసుకునేవి. మెల్లగా బలం వచ్చింది గానీ స్పర్శ రాలేదు. కళ్ళు మూసుకోమని, పాదం మీద దూదితో రాసి "తెలుస్తోందా అండీ?" అని అడిగేది. "లేదమ్మా" అనేదాన్ని.

నేను నడిస్తే గిరిప్రదక్షిణ చేయిస్తానని అక్క మొక్కుకుంది. నా కాళ్ళ మీద నన్నడక్కుండా మొక్కేమిటని కోపం వచ్చింది. కానీ నా కోసం అది పడ్డ పాట్లు చూశాను గనక సరేనన్నాను. చెప్పుల్లేకుండా నడవచ్చా అని డాక్టర్ని అడిగితే, స్పర్శ లేని కాలికి గాయమైనా తెలియదు, మధ్యమధ్యలో ఆగి అరికాళ్ళు చూసుకోమన్నారు.

పౌర్ణమి తెల్లవారుజామున ఘాట్ రోడ్డు దగ్గర కామధేను అమ్మవారి గుడి నుంచి బయలుదేరతారు. కుమ్మరిపాలెం, నాలుగు స్తంభాల సెంటర్, సితార, కబేళా, చిట్టినగర్, బ్రాహ్మణ వీధి మీదుగా కొండను చుట్టి వస్తే సుమారు 7 కిలోమీటర్లు. ముందు రథం, డప్పులు, కోలాటం. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు వారపోస్తారు. మేము అందరికంటే వెనక.

కబేళా దాటాక ఒక ఇంటి ముందు తడిలో కాలు పెట్టాను. చల్లగా తగిలింది. ఎడమ మడమ దగ్గర. ఇంకో అడుగు వేశాను, మళ్ళీ చల్లగా. తర్వాత చిన్న కంకర రాయి గుచ్చుకుంది. కదల్లేకపోయాను. బిందె పట్టుకున్న పెద్దావిడ "ఏమ్మా, కాలు నొప్పా?" అంది. "కాదమ్మా, నీళ్ళు చల్లగా ఉన్నాయి" అన్నాను. ఆవిడకేం అర్థమైందో, బిందెలో మిగిలిన నీళ్ళన్నీ నా పాదాల మీద పోసింది. అక్క ఏడ్చేసింది.

పక్కన టిఫిన్ బండి, మురుగు కాలవ, కాలి కింద తారు రోడ్డు. అమ్మవారు అక్కడ ఉందని తెలిసినంత గట్టిగా గర్భగుడి ముందు నాకెప్పుడూ తెలియలేదు. నన్ను బతికించింది వైద్యమే. ఐసీయూలో అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టిన సిస్టర్ల చేతులే. ఆ స్పర్శ ఆ రోజు కాకపోతే ఇంకో రోజు ఇంట్లోనే వచ్చేదేమో. అయినా ఆ చల్లదనంలో అమ్మవారు ఉంది. ఈ రెండిట్లో ఏదో ఒకటే నమ్మమంటే నా వల్ల కాదు. "అమ్మవారు నీకు పరీక్ష పెట్టింది" అని చుట్టాలంటే మాత్రం ఒప్పుకోను. ఆవిడ జబ్బులు పంచే తల్లి కాదు.

కుడికాలి వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, సాయంత్రానికి నీరసం వస్తుంది. కొంత ఇలాగే ఉండిపోవచ్చు అన్నారు. మొక్కు తీరిపోయినా వీలైన పౌర్ణమికల్లా వెళ్తున్నాను. ఈసారి పక్కింటి పిన్నిగారు కూడా వస్తానన్నారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. నడవగలిగినంత నడిచి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కుదామని చెప్పాను.